వెతికేవాళ్ల మాట

మొన్న విజయనగరం బస్సు కాంప్లెక్సులో రాజాం బస్సు కోసం నిలబడి ఉండగా నెత్తి మీది మైకు ఒక్కసారి గరగరమంది. అప్పుడే వాన వెలిసింది. తడిసిన గొడుగుల వాసన, డీజిల్ వాసన, పక్కన ఎవరో విప్పిన ఉప్మా పొట్లం వాసన కలిసిపోయి ఉన్నాయి. గరగర ఆగాక ఒక ఆడగొంతు ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో చెప్పింది. ముందే రికార్డు చేసి పెట్టిన గొంతు. ప్రతి అక్షరం తూచినట్టు పలికింది. అందులో తప్పేమీ లేదు.  అయినా నా చెవి మరో గొంతు కోసం ఎదురు చూసింది. కాస్త బొంగురుగా, కాస్త విసుగ్గా ఉంటూ, బస్సు పేరు చెప్పి ఊరుకోకుండా, బొబ్బిలి వాళ్లు ఇది ఎక్కొద్దు, వెనక ఇంకోటి ఖాళీగా వస్తోంది అని కూడా చెప్పే గొంతు. అది ఆదిలక్ష్మి గారిది. ఆ కాంప్లెక్సులో ఎంక్వైరీ కిటికీ వెనక ఇరవై ఎనిమిదేళ్లు కూర్చున్న మనిషి. ఆమె పోయి రెండేళ్లు దాటింది.

మాది కొత్తవలస దగ్గర పల్లె. చిన్నప్పుడు నాన్నతో ఏ పని మీద విజయనగరం వచ్చినా ఆ గొంతు వినేదాన్ని. అప్పట్లో ఆమె ముఖం చూసిన గుర్తు లేదు. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం కోసం ఊళ్లోకి వచ్చి, రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఒక మేడ గది అద్దెకు తీసుకున్నాను. కింది భాగంలో ఉండే ఇంటావిడ నీళ్లు వచ్చే వేళ, గేటు గడియ పెట్టే పద్ధతి చెబుతుంటే ఎక్కడో విన్న గొంతనిపించింది. అడిగాను. అప్పటికి ఆమె రిటైరై ఏడాది. భర్త అంతకుముందే పోయారు. మనిషి పొట్టి. కళ్లద్దాలు తాడుకు వేలాడుతూ ఉండేవి గానీ అవి కళ్ల మీదికి రావడం అరుదు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ముఖం కాస్త పక్కకు తిప్పి చెవి ఇచ్చి వినేవారు. కిటికీ వెనక కూర్చున్న అలవాటని తర్వాత తెలిసింది. నేను ఆమెను పిన్నీ అని పిలిచేదాన్ని.

మా ఆఫీసు ఒక జిరాక్సు షాపు మీద హాలు. యజమాని సంతోష్ గారితో కలిపి నలుగురం. దుకాణాలకు, కోచింగ్ సెంటర్లకు, చిన్న ఆసుపత్రులకు వెబ్‌సైట్లు తయారు చేసేవాళ్లం. వాటిలో తెలుగు రాత నాది. జనం ఫోనులో ఏ మాటలు కొట్టి వెతుకుతున్నారో చూపించే జాబితా ఒకటి ఉండేది. ఆ మాటలను కీవర్డ్స్ అంటారు. అవి మన పేజీలో ఉంటే వెతికినవాళ్లకు మన పేజీ పైన కనిపిస్తుంది. ఒక మాట ఎన్నిసార్లు ఉంటే అంత లాభమని సంతోష్ గారి నమ్మకం. ఆయన చెడ్డవాడు కాదు. కస్టమర్లు జారిపోతారేమోనని ఎప్పుడూ బెదురుతూ ఉండేవారు, ఆ బెదురు మా అందరికీ అంటుకునేది. నన్ను మూడు నెలలు చూసి, ఉంచాలో వద్దో అప్పుడు చెబుతానన్నారు. ఇంట్లో మాత్రం నేను ఉద్యోగం వచ్చేసిందనే చెప్పాను. నాన్న ఆ మాట తను పనికి వెళ్లే జీడితోటలో కనపడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. 

రాసింది పైకి చదువుకునే అలవాటు నాకు. ఒక ఆదివారం పొద్దున మేడ మీద కూర్చుని ఒక పళ్ల డాక్టరు గారి పేజీ చదువుకుంటున్నాను. విజయనగరంలో ఉత్తమ దంత వైద్యశాల కోసం చూస్తున్నారా, విజయనగరంలో ఉత్తమ దంత వైద్యశాల మాదే, విజయనగరంలో ఉత్తమ దంత వైద్యశాలగా మేము, ఇలా సాగింది అది. ఆదిలక్ష్మి గారు పక్కనే వడియాలు పెడుతున్నారు. ఎవులితో మాట్లాడతన్నావే గుంటా అని అడిగారు. ఎవరితోనూ కాదు, ఆఫీసు పని చదువుకుంటున్నానన్నాను.

“ఎవులితోనూ కాదని తెలుస్తన్నాదిలే,” అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఈ పని ఏమిటో, జనం ఎలా వెతుకుతారో, మాటలు ఎందుకు కుక్కాలో వివరించాను. అర్థం కాదనుకుని మొదలుపెట్టాను గానీ, సగంలోనే ఆమె అందుకున్నారు. అంటే ఇదీ కిటికీయే కదేటి అన్నారు. మనిషి వచ్చి బయట నుంచి అడుగుతాడు, నువ్వు లోపల నుంచి చెబుతావు, అంతే కదా అన్నారు. ఆ తర్వాత ఒక ప్రశ్న వేశారు. దవడ వాచి, చెంప పట్టుకుని కూర్చున్నవాడు ఫోనులో ఉత్తమ దంత వైద్యశాల అని కొడతాడా?  జాబితాలో ఉందని అన్నాను. ఆ జాబితాలో కింద ఇంకా ఏమున్నాయో చూడమన్నారు. చూస్తే నేను దాటేసిన మాటలు కనపడ్డాయి. పన్ను పోటు తగ్గాలంటే. పిప్పి పన్ను పీకించుకోవాలా. చిగుళ్లు వాచాయి ఏం చేయాలి. తక్కువమంది కొట్టిన మాటలని సంతోష్ గారు వాటి మీద గీత కొట్టేశారు.

ఆ వారంలోనే ఒకరోజు నన్ను ఆఫీసుకు వెళ్లేముందు కాంప్లెక్సుకు తీసుకెళ్లారు. ఆమె కుర్చీలోకి వచ్చిన ఉద్యోగి మమ్మల్ని లోపల కూర్చోనిచ్చాడు. రెండు గంటలు ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుని జనం అడిగే మాటలు విన్నాను. బోర్డు మీద ఉన్న మాటలు ఎవరూ అనలేదు. మా సిన్నమ్మాయి ఊరి బస్సు వెళ్లిపోయిందా అని ఒకామె అడిగింది. శ్రీకూర్మం వెళితే ఇవాళే తిరిగి ఇల్లు చేరతామా అని ఒక కుటుంబం వాళ్లు అడిగారు. ఒక యువకుడు శ్రీకాకుళం బస్సు ఎక్కడ ఆగుతుందని ఒకటికి మూడుసార్లు వచ్చి అడిగాడు. మూడోసారి ఆదిలక్ష్మి గారు కుర్చీలోంచి లేచి, అతని చేతిలో ఉన్న ఎక్స్‌రే కవరు చూసి, ఆసుపత్రి దగ్గర దిగాలంటే కండక్టరుకు ముందే ఏ మాట చెప్పాలో, దిగాక ఎటు నడవాలో చెప్పారు. అతను నాలుగోసారి రాలేదు. అతను బస్సు అడగలేదు, ఆసుపత్రి అడిగాడు అని నాతో అన్నారు. అడిగేవాళ్లు ఒక మాట పట్టుకుని వస్తారు, ఆ మాటే తిరిగి వాళ్ల ముఖాన కొడితే జవాబు కాదు అన్నారు. నేను ఆ రెండు గంటల్లో విన్నవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను.

పళ్ల డాక్టరు పేజీ మళ్లీ మొదటి నుంచి రాశాను. పన్ను పోటుతో వచ్చినవాళ్లకు మొదటి రోజు ఏం చేస్తారు, పన్ను పీకక తప్పని సందర్భాలు ఏవి, సాయంత్రం ఎన్నింటి దాకా తలుపు తెరిచి ఉంటుంది, ఇవి రాయాలంటే ముందు తెలుసుకోవాలి కదా, డాక్టరు గారికి ఫోను చేసి అడిగాను. కీవర్డ్స్ అన్నీ ఉన్నాయి. కానీ అవి ఎక్కడ రావాలో అక్కడే వచ్చాయి. ఊరి పేరు రెండుసార్లు మాత్రమే రాసినందుకు సంతోష్ గారు ముఖం చిట్లించారు. కొన్ని వారాలకు ఆ పేజీ మెల్లగా పైకి వచ్చింది. ఫోన్లు వస్తున్నాయని డాక్టరు గారు చెప్పారట. సంతోష్ గారు నన్ను పిలిచి, మెడికల్ పేజీలన్నీ ఇకమీదట నువ్వే రాయి అన్నారు. ఆ సాయంత్రం ఆదిలక్ష్మి గారికి జిలేబీ తెచ్చిచ్చాను. ఆమె ఒక్క ముక్క తిని మిగతాది నాకే తోశారు.

అక్కడితో ఆగి ఉంటే ఈ జ్ఞాపకం తీపిగానే ఉండేది.

ఆ ఏడాది వరి ఊడ్పుల కాలంలో మాకు కొత్త కస్టమరు వచ్చాడు. చీపురుపల్లి దాటాక శ్రీకాకుళం వైపు ఒక చిన్న పట్టణంలో నర్సింగ్ హోమ్ అది. కాన్పులు, జ్వరాలు, చిన్న చిన్న ఆపరేషన్లు చూస్తారు. వానలు మొదలయ్యాయి కాబట్టి పాము కాటు అన్న మాట ఎక్కువమంది వెతుకుతున్నారని సంతోష్ గారు కనిపెట్టారు. దాని మీద ఒక పేజీ రాయమన్నారు. అక్కడ పాము కాటుకు మందు ఉందా అని అడిగాను. అడిగానన్నది నిజం. ఫస్ట్ ఎయిడ్ ఎవరైనా చేస్తారు కదా, ముందు జనం పేజీలోకి రావాలి, మిగతాది వాళ్లు చూసుకుంటారు అన్నారు. మూడో నెల ముగియడానికి పది రోజులు ఉంది. నేను రెండోసారి అడగలేదు.

ఆ పేజీ చాలా బాగా రాశాను. ఈ మాట ఇప్పటికీ సిగ్గుతోనే రాస్తున్నాను. ఎంక్వైరీ కిటికీ దగ్గర నేర్చుకున్నదంతా అందులో పెట్టాను. పొలంలో పాము కరిస్తే ముందు ఏం చేయాలి, ఏ ఆసుపత్రికి వెళ్లాలి, ఇలా కంగారులో ఉన్న మనిషి ఎలా అడుగుతాడో అలాగే అడిగించి, కింద జవాబు రాశాను. తాడు కట్టొద్దు, కాటు పడిన చోట కోయొద్దు, కాలు కదపొద్దు, నాటు మందుల కోసం ఆగొద్దు అని రాశాను. అవన్నీ సరైన మాటలే. చివర, మా దగ్గర డాక్టరు ఎప్పుడూ ఉంటారు, వెంటనే రండి అని రాశాను. మందు ఉందని నేను రాయలేదు. లేదని కూడా రాయలేదు. అప్పటికి నేను రాసే ప్రతి పేజీ ఆదిలక్ష్మి గారికి చదివి వినిపించడం అలవాటైంది. ఆ పేజీ ఒక్కటే వినిపించలేదు. తీరిక లేక వినిపించలేదని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

పది రోజుల్లో ఆ పేజీ పైకి వచ్చేసింది. నా ఉద్యోగం ఖాయమైంది. ఆ తర్వాతి శుక్రవారం పొద్దున ఆఫీసు ఫోను మోగితే, సంతోష్ గారు బయటికి వెళ్లారు కాబట్టి నేనే ఎత్తాను. నర్సింగ్ హోమ్ నుంచి నర్సు. ఒక ఊరి పేరు చెప్పి, ముందు రోజు మధ్యాహ్నం అక్కణ్ణుంచి ఒకామెను ఆటోలో తీసుకొచ్చారంది. ఊడ్పుల్లో రక్తపింజరి కరిచింది. మా దగ్గర మందు లేదని చెబితే, ఉందని ఫోనులో చూసే వచ్చామని వాళ్లు గొడవ పడ్డారట. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పంపించాం గానీ, వాళ్లు ఆ ఆసుపత్రి గేటు ముందు నుంచే మా దగ్గరికి వచ్చారండీ అంది నర్సు. రానూ పోనూ ఎంత ఆలస్యమైందని అడిగాను. గొడవతో కలిపి ముప్పావు గంట ఉంటుందంది. ఆమె ఎలా ఉందని అడిగాను. తెలీదంది.

సంతోష్ గారు వచ్చాక చెప్పాను.  ఆయన కాసేపు అటూ ఇటూ నడిచి, మనం మందు ఉందని ఎక్కడా రాయలేదు కదా అన్నారు. ఆ మాటే ఇంకో రెండుసార్లు అన్నారు. నేనూ తలూపాను. ఆ రెండు రోజులు నేను ఎలా గడిపానో నాకే సరిగా గుర్తు లేదు. గదిలో కూర్చుని పేపర్లలో, ఫోనులో పాము కాటు వార్తలు వెతికాను. ఆ ఊరి పేరు కనపడుతుందేమోనని భయం, కనపడకపోతే ఇంకో భయం. నేను కొట్టే మాటలకు ప్రతిసారీ మొదట నా పేజీయే పైకి వచ్చేది.

ఆదివారం మధ్యాహ్నం తుంపర పడుతోంది. నేను కిందికి దిగలేదని ఆదిలక్ష్మి గారు అన్నం గిన్నె పట్టుకుని మేడెక్కారు. నా ముఖం చూసి గిన్నె కింద పెట్టారు. అంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆమె ముఖం పక్కకు తిప్పి చివరి దాకా విన్నారు. ఓదారుస్తారనుకున్నాను, లేదా తిడతారనుకున్నాను.

“ఆ పేజీ ఇంకా ఉన్నాదా?” అని అడిగారు.

ఉందన్నాను.

“నువ్విక్కడ ఏడుస్తన్నావు. అదక్కడ ఉన్నాది. ఈ వానలో ఎవులో ఒకలు ఇప్పుడే దాన్ని సూస్తంటారు.”

 రెండు రోజులు ఆ పేజీని పదేపదే చూస్తూ కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. నా బాధలో నేను ఉన్నాను. లాప్‌టాప్ తెరిచి పేజీ తీసేయబోయాను. ఉద్యోగం పోతుందని తెలుసు. ఆదిలక్ష్మి గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. తీసేస్తే ఏమవుతుందని అడిగారు. ఎవరికీ కనపడదన్నాను. అయితే వాళ్లు ఇంకెక్కడికి వెళతారో నీకు తెలుసా అన్నారు. తెలియదన్నాను.

“తీసీకు. బస్సు లేదని కిటికీ మూసీకూడదు. ఏ బస్సున్నాదో సెప్పాల,” అన్నారు.

మందు ఎక్కడ ఉందో ముందు తెలుసుకోమన్నారు. నేను ఫోను చేస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో ఎవరో ఎత్తి, ఉంటుందండీ అన్నారు. నేను పెట్టేయబోతుంటే ఆమె ఫోను లాక్కుని, ఉంటాదా, ఉన్నాదా అని అడిగారు. అవతలివాళ్లు ఆగమని, వెళ్లి చూసి వచ్చి, ఉందని చెప్పారు. ఎవరి డ్యూటీలో అయినా ఇస్తారా, ఆదివారమూ ఇస్తారా అని కూడా అడిగారు. ఆ జవాబులతో పేజీ మొదటి వాక్యాలు మార్చాను. ఈ నర్సింగ్ హోమ్‌లో పాము కాటుకు మందు లేదు, ఇక్కడికి రాకండి, పట్టణంలోకి రాగానే మొదట వచ్చే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, అక్కడ ఆదివారం కూడా మందు ఇస్తారు. కీవర్డ్స్ ఒక్కటీ కదపలేదు. వెతికేవాళ్లు వచ్చే దారి అదే, వచ్చాక వినే మాట మారింది. అన్నం చల్లారిపోయింది. అలాగే తిన్నాను.

మర్నాడు సోమవారం. ఆఫీసుకు రాలేనని సంతోష్ గారికి మెసేజ్ పెట్టి, ఆదిలక్ష్మి గారితో బస్సెక్కాను. నర్సింగ్ హోమ్ డాక్టరు గారిని కలిశాం. నడివయసు మనిషి, అలసిపోయి ఉన్నారు. నేను ఫోనులో పాత పేజీ, కొత్త పేజీ రెండూ చూపించాను. ఆయన పాతది చదివి, పాము కాటు గురించి నేను రాయమని చెప్పలేదే అన్నారు. నిజంగానే ఆయనకు తెలియదు. ఆ రోజు వచ్చినామెను చూసింది ఆయనే. కాలు అప్పటికే మోకాలి దాకా వాచిందని చెప్పారు. కొత్త పేజీ అలాగే ఉంచమన్నారు. అక్కణ్ణుంచి ప్రభుత్వ ఆసుపత్రికి నడిచాం. అక్కడ స్టాఫ్ నర్సు రిజిస్టరు చూసి, ఆమెకు మందు ఎక్కించి అదే రోజు విశాఖపట్నం పంపించారని చెప్పింది. ఆ తర్వాతి సంగతి వాళ్లకూ తెలియదు.

తిరుగు బస్సెక్కాం. చీపురుపల్లిలో బస్సు ఆగినప్పుడు, కడుపులో ఈ బయం ఎప్పుడు పోతాది పిన్నీ అని అడిగాను. ఆమె కిటికీలోంచి చూస్తూ ఒక సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో చంపావతి ఏరు పొంగిన రోజు ఒక ముసలాయన వచ్చి, మా ఊరికి ఆఖరి బస్సు ఉందా అని అడిగాడట. రోజూ ఉండే బస్సే కాబట్టి ఈమె ఉందని చెప్పారట. అది ఆ రోజు రద్దయింది. ఆయన సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని, తర్వాత లేచి వానలో నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ కనపడలేదు. ఏమయ్యాడో ఈమెకు తెలియలేదు.

“అప్పట్నుంచీ ఉన్నాదీ అనే ముందు కడుపులో ఇలాగే అవుతాది. అది అవకుండా ఉన్నాదీ అనెయ్యడం నాకు సేతకాదు. నీకూ పోదులే. పోనియ్యకు,” అన్నారు.

సంతోష్ గారు నన్ను ఆ వారం ఏమీ అనలేదు. కస్టమరు దగ్గరికి ఆయనకు చెప్పకుండా వెళ్లడం ఆయన మనసులో ఉండిపోయింది. నెల చివర పిలిచి, నువ్వు మంచిదానివే గానీ నీతో నాకు భయమేస్తోందమ్మా అన్నారు. ఆయన ఆ మాట దాచుకోకుండా చెప్పినందుకు నాకు కోపం కూడా రాలేదు. ఉద్యోగం పోయింది. ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక నాలుగు రోజులు ఊరికే ఉండి, చివరికి నాన్నకు అంతా చెప్పాను.  ఆయన మొదట, ఆ మనిషి బతికిందా అని అడిగాడు.

ఆ సంగతి నాకు మరో మూడు వారాలకు గానీ తెలియలేదు. ఆదిలక్ష్మి గారు ఆ దారిలో తిరిగే కండక్టర్లలో తనకు తెలిసినవాళ్లందరికీ చెప్పి ఉంచారట. వాళ్లలో ఒకరు ఆ ఊరి మనిషిని పట్టుకుని కబురు తెచ్చారు. ఆమె పేరు నారాయణమ్మ. బతికింది, ఇంటికి వచ్చింది. వెళ్దామా అని ఆదిలక్ష్మి గారు అడగలేదు, రేపు పొద్దున్న బస్సు అని చెప్పారు. 

నారాయణమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. కుడికాలు ముందు ఒక స్టూలు మీద పెట్టుకుంది. రెండు వేళ్లు తీసేశారు. మడమ దగ్గర నల్లబడిన చోట ఇంకా కట్టు ఉంది. ఎవరమని ఆమె భర్త అడిగాడు. ఆదిలక్ష్మి గారు నా వైపు చూశారు. ఆమె చెబుతారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. చెప్పలేదు. ఫోనులో మీరు చూసిన ఆ పేజీ రాసింది నేనేనని నేనే చెప్పాను. భర్త లోపలికి వెళ్లిపోయాడు. నారాయణమ్మ నన్ను కాసేపు చూసింది. నన్ను చూస్తే ఆమెకు నవ్వు వచ్చిందో జాలి వేసిందో నాకు తెలియలేదు.

“నువ్వా రాసింది? మా కోడలు సదివిందమ్మా. మనం ఎలా అడుగుతన్నామో అలాగే రాసున్నాదత్తా అన్నాది. అందుకే నమ్మీసినాం. పెద్దాసుపత్రి గేటు దాటే ఎల్లాం.” కాలు స్టూలు మీద సర్దుకుని, “సక్కగా రాసావు,” అంది.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. నేను క్షమించమన్నాను. ఆమె కోడల్ని టీ పెట్టమంది. కోడలు టీ తెచ్చింది. ఆదిలక్ష్మి గారు ఆ అమ్మాయిని ఫోను తీసి, ఆ రోజు వెతికిన మాటలతోనే మళ్లీ వెతకమన్నారు. అదే పేజీ వచ్చింది. కోడలు పైకి చదివింది. ఇక్కడ మందు లేదు, ఇక్కడికి రాకండి అన్న చోట ఆ అమ్మాయి ఆగి, ఆ వాక్యం మళ్లీ చదివింది. నారాయణమ్మ తల వంచుకుని విని, “ఇది అప్పుడుంటే బాగున్ను,” అంది.  టీ తాగి లేచాం. బస్సు దాకా నడిచాం. ఆదిలక్ష్మి గారు నా మోచెయ్యి పట్టుకుని, నా నడకకు తగ్గట్టు నడిచారు.

తర్వాత కొన్ని నెలలు ఖాళీగా ఉన్నాను. చిన్నగా సొంత పని మొదలుపెట్టాను. ఆదిలక్ష్మి గారు కాలు నొప్పి అంటూనే మేడెక్కి నేను రాసిన ప్రతి పేజీ విన్నారు. బట్టల షాపు పేజీ అయినా, ట్యుటోరియల్ పేజీ అయినా, ఇది ఎవులు అడిగారు, నువ్వెల్లి సూసావా అని రెండే ప్రశ్నలు. నేను చూడలేదంటే వినడం ఆపేసేవారు. ఆఖరి నెలల్లో పక్షవాతం వచ్చి మాట పోయింది. అప్పుడూ మంచం పక్కన కూర్చుని చదివేదాన్ని. ఎక్కడైనా నేను తెలుసుకోకుండా రాసిన ముక్క వస్తే, నాకే గొంతు తగ్గేది. ఆమె ముఖం పక్కకు తిప్పి నా వైపు చెవి పెట్టేవారు. ఆమెను మోసం చేయడం అప్పటికి నాకు చేతకాకుండా పోయింది.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు పని చేస్తున్నారు. ఏ మాటను ఎక్కడ పెడితే పేజీ పైకి వస్తుందో వాళ్లకు ఒక్క పూటలో నేర్పగలను. మిగతాది నేర్పడం కష్టంగా ఉంది. ప్రతి పేజీ బయటికి వదిలే ముందు నా కడుపు బిగుసుకుపోతుంది. ఇన్నేళ్లయినా తగ్గలేదు. పోయిన వారం ఒక డయాలిసిస్ సెంటరు పేజీ రాశాం. ఆదివారం కూడా ఉంటుందా అన్నది చాలామంది వెతుకుతున్న మాట. సెంటరు వాళ్లు ఇచ్చిన కాగితంలో వారమంతా అని ఉంది. మా దగ్గర పనిచేసే అమ్మాయి అలాగే రాసింది, బాగా రాసింది. వదలబోతూ ఆగి ఫోను చేశాను. ఉందండీ, కాగితంలో ఇచ్చాం కదా అన్నాడు అవతలి మనిషి. నేను మళ్లీ అడిగాను. ఆయన విసుక్కున్నాడు. ఈ ఆదివారం ఉందా అండీ అని మూడోసారి అడిగాను.  అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరినో పిలిచిన చప్పుడు వినపడ్డాయి.

“ఈ ఆదివారం లేదండీ,” అన్నాడు.

ముందు ఆ వాక్యం రాసి, తర్వాత పేజీ వదిలాను.